వెండి తాగిన నూలు గుడ్డ

మా గుప్పెడు నెలలు నిండకుండానే పుట్టింది. మొదటిసారి చూసినప్పుడు మా అత్తయ్య, "ఇదేమిటే, గట్టిగా గుప్పెడు కూడా లేదు" అంది. ఆ మాటే పిల్లకి పేరైపోయింది. అసలు పేరు ఆసుపత్రి కాగితాల్లో ఉంది గానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

పుట్టాక చాలా రోజులు దాన్ని వార్డులో అద్దాల గదిలో ఉంచారు. పగలు ఒక్కసారి మాత్రం నన్ను లోపలికి రానిచ్చేవారు. మిగతా పొద్దంతా అద్దానికి ముక్కు ఆనించి నిలబడేదాన్ని. నా ఊపిరికి అద్దం మసకబారేది. చేత్తో తుడిచేదాన్ని, మళ్లీ మసకబారేది. లోపల దాని ఛాతీ కదులుతోందో లేదో అంత దూరం నుంచి తెలిసేది కాదు.

ఇంటికి పంపేటప్పుడు ఒక చిన్న మిషను చేతిలో పెట్టారు. మా పిల్లకి ఉండి ఉండి ఊపిరి తీసుకోవడం మరిచిపోయే అలవాటు. నెలలు నిండని పిల్లల్లో అది మామూలేనట, పెరిగేకొద్దీ పోతుందట. డాక్టరమ్మ ఆ మాట అన్నం తిన్నారా అన్నంత తేలిగ్గా చెప్పింది. ఊపిరి మరిచిపోవడం మామూలు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది మరిచిపోయినప్పుడు మిషను కీచుమని అరుస్తుంది. అప్పుడు అరికాలు గోకితే ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి అందుకుంటుంది.

మిషను తీగలకీ పిల్లకీ మధ్య రెండు జిగురు బిళ్లలు ఉంటాయి. ఛాతీకి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి అంటించాలి. రోజూ పాతవి తీసి కొత్తవి వేయాలి. దాని చర్మమా, ఉల్లిపొర! బిళ్లతో పాటు చర్మమూ లేచి వచ్చేది. తీస్తున్నప్పుడు దాని నోరు ఇంతగా తెరుచుకునేది, ఏడుపు మాత్రం బయటికి వచ్చేది కాదు. ఏడవడానికి కూడా బలం చాలని పిల్ల అది. నేను ఏడ్చేదాన్ని, దాని వంతు కూడా కలిపి.

ఒక సోమవారం డాక్టరమ్మ ఆ పచ్చి మచ్చలు చూసి పెదవి విరిచింది.

"ఇంకో చోట చర్మం లేస్తే బిళ్ల అంటించడానికి జాగా ఉండదమ్మా. మిషను లేకుండా ఇంట్లో ఉంచలేం. శుక్రవారం తీసుకురండి. అప్పటికీ ఇలాగే ఉంటే వార్డులో చేర్చుకుంటాం. అక్కడైతే నర్సులు కళ్లతో చూస్తూ ఉంటారు."

వార్డు అంటే మళ్లీ ఆ అద్దమే. వాళ్లు కళ్లతో చూస్తారు సరే, నేను దేంతో చూడాలి?

మా ఆయన లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. ఫోన్లో చెప్పాను. "అమ్మ ఏమంటోంది?" అన్నాడు. ఏది జరిగినా ఆయనకి వాళ్లమ్మ ఏమందో కావాలి. అమ్మ ఏమీ అనడం లేదనీ, పిల్లని ఒళ్లో వేసుకుని గోడకేసి చూస్తోందనీ చెప్పాను. ఆమె ఏమీ అనడం లేదంటే ఆయనకి నా ఏడుపు కన్నా ఎక్కువ భయం వేసినట్టుంది. "నేను తొందరగా వచ్చేస్తాను" అన్నాడు.

నేను పనిచేసే షెడ్డు మా ఇంటి వెనక వీధిలోనే ఉంది. పిల్ల ఇంటికొచ్చిన కొత్తలో నన్ను మళ్లీ పనిలోకి తోసింది అత్తయ్యే. "నువ్వు రోజంతా దాని ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చుంటే దానికి ఊపిరాడదు, నాకూ ఆడదు. పో" అంది. పాలవేళకి ఆవిడే పిల్లని, మిషనుని ఎత్తుకుని షెడ్డుకి వచ్చేది.

అక్కడ మేం చేసేది చెబితే చాలామంది నమ్మరు. నూలు గుడ్డలో కరెంటు పారేలా చేస్తాం. మామూలు నూలు గుడ్డలో పారదు. దాని ప్రతి పోగుకీ వెండి పొర పట్టిస్తే పారుతుంది. చలి గిడ్డంగుల్లో సరుకు లెక్కచూసే వాళ్లుంటారు చూడండి, చేతి తొడుగులు తీయకుండానే ఫోను తెర మీద వేలు నొక్కాలి వాళ్లు. ఆ తొడుగుల వేలికొసల గుడ్డ మా షెడ్డుదే. పదో తరగతి కూడా దాటకుండా చదువు ఆగిపోయినదాన్ని నేను. ఈ పని నేర్పేటప్పుడు మా మేడమ్ నాకు తెలియదని ఏదీ దాటేయలేదు. "అద్దం వెనక వెండి ఎలా పట్టిస్తారో ఇదీ అంతే. అక్కడ గాజు, ఇక్కడ గుడ్డ" అని మొదలుపెట్టి, నీళ్లలో కరిగిన వెండి పోగు మీదికి ఎలా వచ్చి కూర్చుంటుందో బల్ల మీద సుద్దముక్కతో గీసి మరీ చెప్పింది. నేను తల ఊపితే ఊరుకునేది కాదు. "నువ్వు నాకు చెప్పు ఇప్పుడు" అనేది.

షెడ్డులో ఉండేది మేం ముగ్గురం. మేడమ్, నేను, మీటరక్క. తయారైన ప్రతి గుడ్డనీ మీటరుతో పరీక్షించేది ఆవిడ కాబట్టి ఆ పేరు. మీటరుకి రెండు ముళ్లుంటాయి. గుడ్డ మీద రెండు చోట్ల ఆనిస్తే, మధ్యలో కరెంటు పారితే కూత పెడుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. మీటరక్క మాత్రం ఎప్పుడూ ఊరుకోదు.

ఆ సోమవారం నేను ఉతుకుడు తొట్టి మీద వంగి కళ్లు తుడుచుకుంటుంటే వెనక నుంచి పట్టుకుంది.

"ఏమే, ఆ తొట్టిలో ఉప్పు కలపమని ఎవరు చెప్పారు నీకు?"

నవ్వబోయి వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుపు మధ్యలో ఏం చెప్పానో నాకే తెలియదు. అదంతా ఆవిడ మేడమ్‌కి నాకన్నా చక్కగా వరసగా చెప్పింది. మేడమ్ జడలో గుచ్చుకున్న పెన్సిలు తీసి, మళ్లీ గుచ్చుకుని, "ఆ బిళ్ల ఒకటి తీసుకురా, చూద్దాం" అంది.

తెచ్చాను. మేడమ్ దాన్ని గోటితో గీకి, దీపం కింద పెట్టి చూసింది.

"దీని మధ్యలో ఉన్నది కూడా వెండే. మనం గుడ్డకి పట్టించేదీ వెండే. అంటించే బదులు చుట్టుకునేది అయితే? మెత్తగా ఒక పట్టీ. లోపలి వైపు చెరో పక్క వెండి ముక్క. బయట టిచ్ బటన్లు, వాటికి మిషను తీగలు."

"జిగురు ఉండదా?" అన్నాను.

"ఏ జిగురూ ఉండదు."

మీటరక్క అందుకుంది. "వెండి పట్టీలు కాళ్లకి పెడతారు గానీ ఛాతీకి పెట్టించుకునేది మీ పిల్లొక్కతే. పెద్దింటి బిడ్డ!"

మేడమ్ అక్కడే నిలబడి డాక్టరమ్మకి ఫోను చేసింది. ఏం మాట్లాడుకున్నారో సగం నాకు తెలియలేదు. చివరికి డాక్టరమ్మ ఒప్పుకున్న సంగతి మాత్రం తెలిసింది. ముందు శుక్రవారం తన ఎదుట, తన పెద్ద మిషను పక్కన పెట్టుకుని చూస్తుందట. తెర మీద ఊపిరి గీత సరిగ్గా వస్తేనే ఇంటికి. లేకపోతే వార్డు.

గుడ్డ పని నేనే చేస్తానన్నాను. మేడమ్ సరేనంది.

కొత్త నూలు గుడ్డకి గంజి ఉంటుంది. అది పోయినా పత్తికి పుట్టుకతో వచ్చిన జిడ్డు ఒకటి ఉంటుంది. ఆ రెండూ వదిలేదాకా బట్టల సోడా కలిపిన నీళ్లలో ఉడికించాలి. వదిలిందో లేదో చూడడానికి మా దగ్గర ఒకటే పద్ధతి, గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయడం. జిడ్డు మిగిలితే చుక్క ముత్యంలా నిలబడుతుంది. పోయి ఉంటే వేసీ వేయగానే ఇంకిపోతుంది. నీటిని తాగని గుడ్డ వెండినీ తాగదు. మంగళవారం నేను ఉడికించిన గుడ్డ మీద చుక్క వేస్తే పడ్డ జాడ కూడా తెలియనంత వేగంగా ఇంకింది. మేడమ్ కూడా వేసి చూసి, భుజం తట్టింది.

పిల్ల కొలతకి కత్తిరించాలని ఆ గుడ్డని ఇంటికి పట్టుకెళ్లాను. కత్తిరించింది నేనే గానీ, అంచులు కుట్టడానికి అత్తయ్య నా చేతిలోంచి లాక్కుంది. "నీ కుట్లు దడి కట్టినట్టుంటాయి. ఇటివ్వు." ఆవిడ కుట్టు నిజంగానే కంటికి కనబడదు. బుధవారానికి ముక్కలు తయారయ్యాయి. మడత పెట్టి, శుభ్రమైన సంచిలో వేసి ఇచ్చింది.

గురువారం పొద్దున్నే వెండి తొట్టి సిద్ధం చేశాం. వెండికి పట్టు దొరకాలని ముందు తగరపు నీళ్లలో ముంచి, కడిగి, తర్వాత వెండి నీళ్లలో వేశాం. కరిగిన వెండిని పోగు మీదికి దించే గ్లూకోజ్ అందులో పడగానే తెల్ల గుడ్డ తేనెరంగుకి తిరిగింది, తర్వాత కాఫీ రంగుకి, ఆ తర్వాత నల్లబడి, చూస్తుండగానే బూడిద రంగు వెండి తేలింది. వెండి నీళ్లలోని అమోనియా ఘాటుకి ముక్కులు మండుతున్నా నేను తొట్టి మీద నుంచి తల తీయలేదు.

బయటికి తీసి కడిగితే గుడ్డంతా మచ్చలు. కొన్ని చోట్ల మెరుపు, కొన్ని చోట్ల తెల్లగా ఖాళీ. మీటరక్క ముళ్లు ఆనించింది. మీటరు ఒకచోట కూసింది. పక్కన ఊరుకుంది. ఇంకో చోట కూసీ కూయనట్టు గొంతు నొక్కుకుంది. మీటరక్క కూడా ఊరుకుంది, అది చూసి నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

"తొట్టి పాతదా?" అంది చివరికి.

"ఇప్పుడే కదా కలిపాం" అంది మేడమ్. నా వైపు చూసింది. "సోడాలో సరిగ్గా ఉడికిందా?"

"చుక్క వేసి చూశారు కదా మేడమ్, మీరూ..."

"చూశాను. నాకూ గుర్తుంది."

మిగిలిన ముక్కల్లో ఒకటి, ఇంకా వెండి తగలనిది, బల్ల మీద పరిచింది. చుక్క వేసింది. ముగ్గురం వంగాం. చుక్క ముత్యంలా నిలబడి, బల్ల కదిలితే అటూ ఇటూ ఊగింది గానీ ఇంకలేదు.

"మంగళవారం తాగిన గుడ్డ గురువారం ఎందుకు తాగదు?" అంది మేడమ్, తనలో తాను.

నాకు ఒక్కటే కనిపించింది. అద్దం. దాని మీద నా ఊపిరి మరక.

సరిగ్గా అప్పుడే అత్తయ్య పిల్లని భుజాన వేసుకుని, మిషను సంచి చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పాలవేళ అయింది.

"ఏమిటి, అందరూ ఎవరో పోయినట్టు నిలబడ్డారు?"

మీటరక్క అడిగింది. "పిన్నిగారూ, మీ ఇంట్లో ఈ గుడ్డకి ఏదైనా తగిలిందా? వంటింట్లో గానీ పెట్టారా?"

"వంటింట్లో ఎందుకు పెడతాను? కంటికి రెప్పలా చూసుకున్నాను. కుట్టడం అయ్యాక గోరువెచ్చటి నీళ్లలో పిల్లకి రాసే నూనె రెండు చుక్కలు కలిపి, జాడించి, నీడన ఆరేశాను."

ముగ్గురం ఒక్కసారి ఆవిడ వైపు తిరిగాం.

"ఏం? అట్లా చూస్తారేం? గోనెసంచిలా ఉంది ఆ గుడ్డ! ఉడకబెట్టీ ఉడకబెట్టీ దాని ప్రాణం తీశారు. పచ్చి పుండు మీద అది చుడితే పసిదాని గతేం కాను? నూనె పట్టించాక చూడండి, ఎంత మెత్తగా వచ్చిందో!"

"రెండు చుక్కలేనా పిన్నిగారూ?"

"మూడు. నాలుగు కూడా పడి ఉండొచ్చు. పిల్ల కోసం కొలుచుకుంటూ కూర్చుంటానా?"

మేడమ్ బోర్లించిన బకెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మీటరక్క గోడ పట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"ఒక్క మాట అడగాలి కదా అత్తయ్యా" అన్నాను. అంతే అన్నాను గానీ, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అడిగితే వద్దంటావని" అంది ఆవిడ. తర్వాత మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. బల్ల మీద మచ్చల గుడ్డ చూసింది. "అయితే... అది పనిచేయదా? నా నూనె వల్లేనా?"

మేడమ్ నవ్వు ఆపేసింది.

"రేపే కదా డాక్టరమ్మ..." అంటూ పిల్లని రెండు చేతులతో దగ్గరికి అదుముకుంది. ఎప్పుడూ నా మీద గొంతు చేసుకునే మనిషి. అంత చిన్నగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది. వార్డులో పిల్ల ఉన్నన్నాళ్లూ అద్దం బయటి వరండాలో నా పక్కన నేల మీద కూర్చున్నది ఈ మనిషే. బిళ్ల తీసిన ప్రతిసారీ నేను ముఖం తిప్పుకుంటే, కళ్లు తిప్పకుండా పిల్ల చెయ్యి పట్టుకున్నదీ ఈ మనిషే. ఆ పుండ్లని నాకన్నా దగ్గర్నుంచి చూసిన చేతులకి గరుకు గుడ్డ కనిపిస్తే నూనె సీసా వెతుక్కోక ఏం చేస్తాయి?

వెళ్లి పిల్లని అందుకున్నాను. "రండి, కూర్చోండి" అన్నాను. 

మేడమ్ కళ్లు తుడుచుకుని లేచింది.

"అమ్మా, మీరు చెప్పిందీ నిజమే. ఉడికించిన గుడ్డ గరుకే. జిడ్డు పోతే మెత్తదనం పోతుంది. వేలికొసల గుడ్డకైతే ఆ పట్టింపు లేదు. పసిపిల్ల ఒంటికని ఆలోచించాల్సింది నేను, ఆలోచించలేదు. మెత్తదనం కావాలి, నూనె లేకుండా. ఎలా?"

"నలపాలి" అంది అత్తయ్య వెంటనే. "మా చిన్నప్పుడు ముతక గుడ్డ వస్తే రెండు చేతుల మధ్య పెట్టి నలిపేవాళ్లం. నూనె ఎవరిచ్చారు మాకు? చేతులే."

"వెండి పట్టాక నలిపితే పొర చిట్లుతుంది. ముందే నలపాలి. ఇంకా పలచటి నేత గుడ్డ ఉంది నా దగ్గర, అది తీస్తాను. వెండి ఇంకొక్క తొట్టికి సరిపోతుంది." మేడమ్ గడియారం చూసి నా వైపు తిరిగింది. "ఒక్క తొట్టికే."

ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. నేను పలచటి గుడ్డని సోడాలో ఉడికించాను. కడిగి, చుక్క వేశాను, ఇంకింది. అత్తయ్య చేత మీటరక్క దగ్గరుండి చేతులు కడిగించింది. సబ్బుతో ఒకసారి, మళ్లీ ఇంకోసారి. "ఇంకా జిడ్డుంది పిన్నిగారూ, ఇన్నేళ్ల నూనె ఒక్క సబ్బుకి పోతుందా?" అని ఆట పట్టించింది. తర్వాత రబ్బరు తొడుగులు వేసింది. అవి ఆవిడకి మరీ పెద్దవి, వేళ్ల కొసలు వేలాడుతున్నాయి.

"ఈ చేతులతో నేను గుడ్డ నలపాలా, పాలు పితకాలా?" అంది అత్తయ్య.

కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, తడి గుడ్డని రెండు అరచేతుల మధ్య పెట్టి నలపసాగింది. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, ఎక్కడా వదలకుండా. ఆరుతున్నకొద్దీ ఇంకా నలిపింది. మధ్యమధ్య చెంపకి ఆనించి చూసుకోబోయేది. "ఆగండి! ముఖానికీ జిడ్డుంటుంది!" అని మీటరక్క ఒక్క గెంతు గెంతేది. "నా ముఖానికేం వచ్చిందే" అని అత్తయ్య తిట్టేది. పిల్ల నా ఒళ్లో పాలు తాగుతూ ఈ గొడవంతా వింటున్నట్టు ఆగి, మళ్లీ తాగేది. అది ఆగినప్పుడల్లా నా గుండె కూడా ఆగేది, అది వేరే సంగతి.

అత్తయ్య దాన్ని కొలత ప్రకారం కత్తిరించి, అక్కడే తొడుగులతోనే అంచులు కుట్టింది. రబ్బరు వేళ్లతో కుట్టిన ఆ కుట్టు వంకరగా వచ్చింది. దడి కట్టినట్టుందని నేను అనలేదు. ఆవిడే అంది.

తొట్టిలో వేసే ముందు మేడమ్ మూడు చోట్ల చుక్క వేసింది. మూడూ ఇంకిపోయాయి. ఘాటు తగలకుండా అత్తయ్యని, పిల్లని బయట అరుగు మీద కూర్చోబెట్టాం. తేనె రంగు, కాఫీ రంగు, నలుపు, ఆ తర్వాత వెండి. ఈసారి రంగు అంచు నుంచి అంచుకి ఒక్కలాగే పాకింది. తీసి నీళ్లు మార్చి మార్చి కడిగాం. అమోనియా వాసన పూర్తిగా పోయేదాకా మేడమ్ ఆపనివ్వలేదు. ఆరాక తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూసింది. తెల్ల గుడ్డ తెల్లగానే ఉంది.

మీటరక్క ఒక ముల్లు ఈ కొసన, ఇంకో ముల్లు ఆ కొసన ఆనించింది. మీటరు కూసింది. ముల్లు జరిపింది, కూత ఆగలేదు. కుట్టు మీద, మూల మీద, బటను వచ్చే చోట, ఎక్కడ పెట్టినా కూతే. బయట నుంచి అత్తయ్య కేకేసింది. "ఆ గోల ఆపండర్రా, పిల్ల లేస్తుంది!"

"ఆ గోల కోసమే కదా పిన్నిగారూ ఇంత గోలా!" అని మీటరక్క అరిచింది. నేను మీటరక్కని కౌగలించుకున్నాను. మేడమ్‌ని కౌగలించుకునే ధైర్యం లేక నిలబడితే, ఆవిడే వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

ఆ సాయంత్రమే వెండి ముక్కల్ని మెత్తటి పట్టీకి లోపల కుట్టి, బయట టిచ్ బటన్లు బిగించాం. శుక్రవారం ఆసుపత్రిలో నర్సు వెండి ముక్కల మీద రెండు చుక్కల ఉప్పునీళ్లు వేసి తడిపి, పట్టీ చుట్టి, తీగలు తగిలించింది. ఇంకో పక్క కాలి వేలికి పెద్ద మిషను తీగ కూడా పెట్టారు. మా చిన్న మిషను తెర మీద గీత వచ్చింది. తిన్నగా, చదునుగా, బల్ల అంచులా.

పిల్ల ఊపిరి జాడ అందులో ఎక్కడా లేదు.

"అంత వదులుగా కడితే ఎట్లాగమ్మా?" అంది అత్తయ్య నర్సుతో. "అదేమన్నా పూలగుత్తికి కట్టే రిబ్బనా? ఒంటికి ఆనాలి. జరుగు."

నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ తల ఊపింది. అత్తయ్య తన చేతులు తనే చూసుకుని, గబగబా మూలనున్న కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో కడుక్కుని వచ్చింది. పట్టీ ఊడదీసి, పిల్ల ఊపిరి వదిలే వేళకి ఆగి, ఒంటికి ఆనేలా, నొక్కుకోకుండా బిగించి కట్టింది. గీత ఒకసారి అదిరింది. లేచింది. పడింది. మళ్లీ లేచింది.

"ఇదంతా దీని ఊపిరేనా?" అంది అత్తయ్య. తెర మీద వేలు పెట్టి ఆ అలల్ని వెంబడించింది. "ఎంత ఓపికో చూడు దీనికి."

డాక్టరమ్మ ఆ గీత వైపు వంగి చూసింది. కాసేపు అలాగే ఉంచుదామంది. ఆ కాసేపు మధ్యాహ్నం దాకా సాగింది. పిల్ల పాలు తాగింది, నిద్రపోయింది, ముఖం చిట్లించింది, గీత మాత్రం నడుస్తూనే ఉంది. నాకు ధైర్యం వస్తోందనుకునే వేళకి మా చిన్న మిషను ఒక్కసారిగా కీచుమంది.

నేను లేచి నిలబడ్డాను. నా నోట్లోంచి ఏదో అరుపు వచ్చింది. డాక్టరమ్మ అప్పటికే పిల్ల అరికాలు గోకుతోంది. పిల్ల ఉలిక్కిపడి, కాళ్లు చాచి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గీత లేచింది.

పాడైపోయిందనుకున్నాను. పట్టీ పాడైంది, పని పాడైంది, ఇక వార్డే అనుకున్నాను. డాక్టరమ్మ రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టి చూసి, నా వైపు తిరిగింది. నవ్వుతోంది.

"ఎందుకమ్మా ఆ ముఖం? పాప ఊపిరి ఆపింది, మీ పట్టీ పట్టుకుంది. మా పెద్ద మిషను కన్నా ముందే అరిచింది. నేను పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నది దీనికే. అరవాల్సినప్పుడు అరుస్తుందా లేదా అని."

"అయితే..." అన్నాను.

"అయితే ఇంటికి తీసుకెళ్లండి. పుండ్ల మీద పడకుండా కొంచెం పైకి కట్టండి. రోజూ ఒకసారి నర్సు వచ్చి చూస్తుంది. జిగురు బిళ్లలు ఇక వద్దు."

నేను ఆవిడకి దండం పెట్టాను. నర్సుకీ పెట్టాను. ఫోనులో మేడమ్‌కి చెబుతూ, అవతల మీటరక్క "ఏమైందో చెప్పవే!" అని అరుస్తుంటే ఏడుపులోనే "ఇంటికే, ఇంటికే" అన్నాను. ఎవరికి ఎంత చెప్పినా ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయినట్టే ఉంది. అత్తయ్యకీ చెప్పబోయాను. ఆవిడ పిల్ల బట్టలు మడతపెడుతూ, "పద పద, బస్సు పోతుంది" అంది.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, పిల్లని తను తీసుకుంది. మిషను నా ఒళ్లో ఉంది. దాని చిన్న పచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. దాన్నే చూస్తూ ఎప్పుడు కళ్లు మూశానో నాకు తెలియదు. పిల్ల పుట్టాక ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం అదే మొదటిసారి.

మెలకువ వచ్చేసరికి బస్సు ఆగి ఉంది. లోపల మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. బయట బారుగా ఖాళీ బస్సులు. కండక్టరు మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎక్కడున్నాం అత్తయ్యా?" అన్నాను కంగారుగా.

"చివరి స్టాపులో."

"మన స్టాపు దాటిపోయిందా? నన్ను లేపలేదేం?"

"నువ్వు గురకపెడుతుంటే ఎట్లా లేపను?" అంది ఆవిడ, పిల్ల మీద నుంచి చూపు తిప్పకుండా. "ఈ బస్సు మళ్లీ వెనక్కే పోతుందట, ఆ అబ్బాయిని అడిగాను. టీ తాగి తీస్తాడట. నీకింకా నిద్రుంటే పడుకో."

ఆవిడ భుజం మీద తల ఆనించాను. ఆవిడ జరగలేదు. డ్రైవరు వచ్చి ఇంజను తిప్పాడు.